గోడ బయటికి రాని నీళ్లు

ఇప్పలగూడెం,
జూన్ 24.

మామకు శ్రావణి నమస్కారాలు.

ఉత్తరం చూసి నవ్వకు. ఫోన్ చేస్తే నీకు సరిగా వినపడదు. వినపడేంత గట్టిగా మాట్లాడాలంటే నేను గుట్ట ఎక్కాలి, ఇక్కడ సిగ్నల్ అక్కడే దొరుకుతుంది. "మీ మామను ఏదన్న అడగాల్నంటే కాయితం మీద అడుగు, నిమ్మళంగ కూసొని చదువుతడు" అని అమ్మ చెప్పింది.

నేను హాస్టల్ వార్డెన్‌గా చేరి మూడు వారాలైంది. ఆరు నుంచి పదో తరగతి వరకు డెబ్బై ఇద్దరు ఆడపిల్లలు. ములుగు నుంచి బస్సు రోజుకు రెండుసార్లు వస్తుంది, వాన పడితే ఒక్కసారే. నేను చేరిన వారమే కొత్త బాత్రూంలు తెరిచారు. వరుసగా ఎనిమిది, తెల్ల టైల్స్, ఒక్కోదానికి గోడ మీద ప్లాస్టిక్ ఫ్లష్ ట్యాంకు. మొదటి రోజు పిల్లలు పని లేకున్నా లోపలికి పోయి హ్యాండిల్ నొక్కి వచ్చారు.

వీటి విలువ నాకు రిజిస్టర్ చూశాక తెలిసింది. పోయినేడు దసరా సెలవులకు ఇంటికి పోయిన పెద్ద పిల్లల్లో పదకొండు మంది తిరిగి రాలేదు. కారణం అనే గడిలో 'ఇంటి పనులు' అని ఉంది. వంట చేసే సారలమ్మను అడిగితే, "ఇంటి పనులు కాదు ఏం కాదు. అప్పుడు బాత్రూంలు లేవాయె. పెద్ద పిల్లలు వానల వాగు గడ్డకు ఎట్ల పోతరమ్మా? నేనైతె నా బిడ్డను పంపకపోదును" అన్నది. ఈ దసరాకు ఒక్కరు కూడా ఆగిపోకూడదని అనుకున్నాను. పైకి ఎవరికీ చెప్పలేదు, నీకు రాస్తున్నాను.

ఇక అడగాల్సిన సంగతి. ఫ్లష్ జోరుగా రావడం లేదు. రెండుసార్లు, మూడుసార్లు నొక్కాల్సి వస్తోంది. ఏం చేయాలి?

శ్రావణి

కాజీపేట,
జూలై 1.

బిడ్డ శ్రావణికి యాకయ్య దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రైల్వే క్వార్టర్లలో ముప్పై ఒక్క ఏళ్లు పైపు ఫిట్టర్‌గా చేశాను. డ్యూటీ దిగిపోయి ఆరేళ్లయింది, ఈ ఆరేళ్లలో పని గురించి నన్ను అడిగినదానివి నువ్వే. కళ్లద్దాలు పెట్టుకుని బొమ్మ గీస్తుంటే మీ అత్త మొగిలమ్మ, "మల్ల డ్యూటీ ఎక్కినవా? టిఫిన్ డబ్బ కట్టాల్నా?" అంటోంది.

నీది పెద్ద జబ్బు కాదు. మూత తీసి చూడు. లోపల ఒక బాల్ తేలుతుంటుంది. నీళ్లు నిండే కొద్దీ అది పైకి లేస్తుంది, లేచి నల్లాను మూస్తుంది. అది ముందే మూసేస్తే ట్యాంకులో నీళ్లు తక్కువ నిలుస్తాయి, ఫ్లష్ నీరసంగా వస్తుంది. మా కాలంలో ఇనుప ట్యాంకులు, బాల్‌కు ఇత్తడి కడ్డీ. దాన్ని జర పైకి వంచేవాళ్లం. ప్లాస్టిక్ వాటికి కడ్డీ దగ్గర స్క్రూ ఉంటుందని విన్నాను. బాల్ పైకి లేచేటట్టు నాలుగు చుట్లు తిప్పు.

నీళ్లు ఎక్కువైతే ఎలాగని భయపడకు. ప్రతి ట్యాంకుకు ఓవర్ ఫ్లో పైపు ఉంటుంది. అది గోడలోంచి బయటికి వస్తుంది. ఎక్కువైన నీళ్లు దానిలోంచి గోడ బయట పడతాయి. అలా పడితే స్క్రూను వెనక్కి తిప్పు. బయట తడి లేకపోతే అంతా బాగున్నట్టే. బొమ్మ వెనక పేజీలో ఉంది.

యాకయ్య

ఇప్పలగూడెం,
ఆగస్టు 2.

మామకు,

నీ బొమ్మ గోడకు అంటించుకుని పని చేశాను. ఆరింటికి స్క్రూ తిప్పాను. చివరి రెండింటివి బిగుసుకుని ఉంటే వదిలేశాను. ఆరూ ఇప్పుడు ఒక్క నొక్కుకే జోరుగా వస్తున్నాయి. పిల్లలు నన్ను మేస్త్రీ మేడం అంటున్నారు. వెంటనే రాయాల్సింది, ఈలోగా ఇంకో చిక్కు వచ్చి పడింది.

మేడ మీద ఐదు వేల లీటర్ల ట్యాంకు ఉంది. కరెంటు సాయంత్రం రెండు గంటలు నిలకడగా ఉంటుంది, అప్పుడే బోరు మోటారు నడుస్తుంది. పోయిన నెల వరకు ఆ నీళ్లు మరునాడు మధ్యాహ్నం దాకా వచ్చేవి. ఇప్పుడు తెల్లారేసరికి ట్యాంకు అడుగు కనిపిస్తోంది. బియ్యం కడగడానికి సారలమ్మ బిందె పట్టుకుని చేతిపంపుకు పోతోంది. పిల్లలు మొహాలు కడుక్కోకుండా బడికి పోతున్నారు.

మా పై ఆఫీసరు రాజేశ్వర్ రావు సారు వచ్చి చూశారు. మాట నెమ్మది, మనిషి లెక్క ప్రకారం పోతాడు. బాత్రూంలకు పోయే పెద్ద వాల్వు ఒక రాత్రి కట్టేయించారు. పొద్దున చూస్తే ట్యాంకులో సగానికి పైగా నీళ్లున్నాయి. "చూసిన్రా మేడం? నీళ్లు బాత్రూంలల్లనే పోతున్నయి. పిల్లలే పారబోస్తున్నరు. ఇట్లనే ఉంటె తాళమేసుడే. వంటకు కావాల్నా, వీటికి కావాల్నా?" అన్నారు.

పదో తరగతి పిల్ల కావ్య ఊరుకోలేదు. "సార్, మాకు తాగెటందుకే లేవు. పారబోసెటందుకు ఏడికెల్లి వస్తయి?" అంది. 

మామా, నల్లాలన్నీ నేనే చూశాను. ఒక్కటీ కారడం లేదు.

శ్రావణి

కాజీపేట,
ఆగస్టు 8.

బిడ్డా,

ఫికర్ చేయకు. నల్లాలు కారకపోతే ఓవర్ ఫ్లో కారుతోంది. నీ ఉత్తరం అందిన రోజే నాకు తెలిసిపోయింది. బాత్రూంల వెనక గోడ దగ్గరికి పో. మనిషి తలకంటే పైన, రెండు మూరల దూరానికొకటి వంపు పైపులు కనిపిస్తాయి. ఎనిమిది ఉండాలి. ఏది కారితే ఆ ట్యాంకు స్క్రూ వెనక్కి తిప్పు. గంట పని.

క్వార్టర్లలో నేను లోపలికి పోకుండానే జబ్బు చెప్పేవాణ్ని. సైకిల్ మీద వెనక సందులో ఒక చుట్టు తిరిగితే చాలు. ఏ ఇంటి గోడ తడిగా ఉంటే ఆ తలుపు కొట్టేవాణ్ని. "నీకెట్ల తెలిసింది యాకయ్యా?" అని ఇల్లాళ్లు ఆశ్చర్యపోయేవాళ్లు. నువ్వూ అట్లా చెప్పి ఆఫీసరును ఆశ్చర్యపెట్టు.

యాకయ్య

ఇప్పలగూడెం,
ఆగస్టు 14.

మామకు,

వెనక గోడ చూశాను. పైపులు లేవు. ఎనిమిది కాదు, ఒక్కటీ లేదు. నిచ్చెన వేసుకుని అరచేతితో గోడంతా తడిమాను. పొడిగా ఉంది. వాన పడక వారమైంది కాబట్టి పొరపాటు పడే అవకాశం కూడా లేదు.

నేను నిచ్చెన మీద ఉన్నప్పుడే సారు వచ్చారు. "ఏం దేవులాడుతున్నరు మేడం?" అంటే "ఓవర్ ఫ్లో పైపులు సార్" అన్నాను. "ఎవరు చెప్పిన్రు?" అన్నారు. "మా మామ, రైల్వేల చేసిండు" అన్నాను. "రైల్వేల రైల్వే పద్ధతి ఉంటది" అని కిందికి దిగమన్నారు.

నువ్వు కోపం తెచ్చుకోకు. ఉన్నది రాశాను. వచ్చే నెల పదిహేనున తాళం వేస్తామని ఆయన రాసి ఇచ్చారు. దసరా సెలవులకు వారం ముందు. పిల్లలు మళ్లీ వాగు గడ్డకే పోవాలన్న కబురు తీసుకునే ఇంటికి పోతారు. తొమ్మిది, పది తరగతుల వాళ్లు ఇప్పటికే గుసగుసలాడుకుంటున్నారు.

శ్రావణి

కాజీపేట,
ఆగస్టు 20.

శ్రావణికి,

ఓవర్ ఫ్లో పైపు లేని ట్యాంకు ఉండదు. నేను చూడలేదు. మేస్త్రీ గోడలోనే పైపు పూడ్చి పైన సిమెంటు పూసి ఉంటాడు. గోడను గరిటెతో కొట్టి చూడు. డొల్ల శబ్దం వచ్చిన చోట గుర్తు పెట్టు.

రైల్వే పద్ధతి అంటే ఏమిటని మీ సారును అడుగు.

ఇది రాశాక మీ అత్త కాగితం లాక్కుని చదివింది. "పిల్ల లేవు అంటాంది, నువ్వు ఉన్నయి అంటానవు. నీళ్లను అడుగరాదుండ్రి ఏడికి పోతానయో" అంది. ఆమె మాట నిజమే. ఐదు వేల లీటర్ల నీళ్లు మాయం కావు. గోడ పొడిగా ఉంటే, ఆ ఆవరణలో ఏ నేల తడిగా ఉంది? అది చూసి రాయి. ముందు అది చూడు, గరిటె సంగతి తర్వాత.

యాకయ్య

ఇప్పలగూడెం,
ఆగస్టు 26.

మామా,

అత్తకు నా తరఫున చాయ్ పెట్టివ్వు. దొరికింది. పూర్తిగా కాదు, సగం దొరికింది.

ఆవరణంతా తిరిగాను. నేల ఎక్కడికక్కడ నెర్రెలు వారి ఉంది. బాత్రూంల వెనక ముప్పై అడుగుల దూరంలో సెప్టిక్ ట్యాంకు, దాని పక్కన ఇంకుడు గుంత. గుంత చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగింది. కాలు పెడితే చీలమండ దాకా దిగింది. చెప్పు అక్కడే ఉండిపోతే సారలమ్మ కట్టెతో తీసింది. ఆమెకు ఈ సంగతి ముందే తెలుసట. "గుంత నిండింది, డెబ్బై మంది పోతే నిండదా అనుకున్న" అంది.

డెబ్బై మంది వాడితే మూడు నెలల్లో ఇంకుడు గుంత పొంగుతుందా? పైగా వాసన లేదు మామా. మామూలు నీళ్లలాగే ఉన్నాయి.

అంటే మేడ మీది నీళ్లు బాత్రూం దారినే గుంతకు పోతున్నాయి. నేల మీద ఒక్క చుక్క పడకుండా, ఎవరికీ వినపడకుండా. ఎట్లా పోతున్నాయో తెలియడం లేదు. నిన్నటి నుంచి నాకు అన్నం మీద ధ్యాస లేదు. త్వరగా రాయి.

శ్రావణి

కాజీపేట,
ఆగస్టు 31.

బిడ్డ శ్రావణికి,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని హన్మకొండ పోయాను. చౌరస్తా దాటాక ఓంప్రకాశ్ సేఠ్‌ది శానిటరీ దుకాణం ఉంది. నా సర్వీసులో సగం సామాను అక్కడే కొన్నాను. "కొత్త ఫ్లష్ ట్యాంకు ఒకటి ఇప్పి చూపియ్యి సేఠ్" అన్నాను. "కొంటవా?" అన్నాడు. "కొనను" అన్నాను. నవ్వి, మూత తీసి నా ముందు పెట్టాడు.

లోపల నడిమధ్య ఒక గొట్టం నిలబడి ఉంది. పైన నోరు తెరిచి, మూతకు రెండు వేళ్ల కింద దాకా. "ఇదేంది?" అంటే, "గదే ఓవర్ ఫ్లో. ఇప్పుడు గోడకు బొక్క కొట్టే పని లేదు యాకయ్యా. ఎక్కువైన నీళ్లు గా గొట్టంల పడి సీదా సీట్లకు పోతయి" అన్నాడు. ట్యాంకును బల్ల మీద నిలబెట్టించి, బకెట్‌తో నీళ్లు పోయించాను. గొట్టం నోటి దాకా వచ్చాయి. ఇంకొక చెంబు పోశాను. మట్టం పెరగలేదు. పోసిన చెంబు పోసినట్టే గొట్టంలోకి జారి కింద పడింది. శబ్దం లేదు. నాకైతే ఎటూ వినపడదు, సేఠ్ కూడా వినపడలేదన్నాడు. ఆ పలుచని నీళ్లు సీటు లోపలి వెనక అంచుకు అంటుకుని దిగుతాయి. తడి సీటు మీద తడి ఎవరికి కనిపిస్తుంది? అక్కడి నుంచి సెప్టిక్ ట్యాంకు, అక్కడి నుంచి నీ చెప్పు దిగబడిన గుంత. శుభ్రమైన నీళ్లు రోజంతా, రాత్రంతా.

ఇప్పుడు చెప్పినట్టు చెయ్యి. ట్యాంకులో రంగు నీళ్లు కలుపు. ఫ్లష్ నొక్కనివ్వకు. పావుగంట తర్వాత సీటు చూడు. రంగు దిగితే ఆ ట్యాంకు కారుతున్నట్టు. తర్వాత ట్యాంకు కింది చిన్న కాక్ కట్టెయ్యి. నీళ్లు గొట్టం నోటి దగ్గర ఆగిపోతే బాల్ ఎత్తు ఎక్కువైంది. ఇంకా కిందికి దిగుతుంటే అడుగు వాషర్ పోయింది. బాల్ ఎత్తు ఎక్కువైతే, నీళ్లు గొట్టం నోటికి అంగుళం కింద ఆగేటట్టు స్క్రూ వెనక్కి తిప్పు.

ఇంకొకటి రాయాల్సి ఉంది. తర్వాత రాస్తాను.

యాకయ్య

ఇప్పలగూడెం,
సెప్టెంబర్ 6.

మామా,

పది మందికి చెప్పుకోవాల్సిన సంగతి. ఇక్కడ చెప్పినా కాగితం మీద రాస్తేనే నాకు తృప్తి.

రంగు కోసం వెతికితే సారలమ్మ డబ్బా తెచ్చింది. కాముని పున్నమకు, హోలీ రంగు కోసం ఏరి ఎండబెట్టిన మోదుగ పూలు మిగిలి ఉన్నాయి. పెద్ద గిన్నెలో ఉడకబెడితే నారింజ రంగు నీళ్లయ్యాయి. మొన్న పొద్దున ఎనిమిది ట్యాంకుల్లోనూ తలా ఒక చెంబు పోశాను. తలుపుకొక పిల్లను కాపలా పెట్టాను. కావ్య చేతికి నా వాచీ ఇచ్చాను. డెబ్బై ఇద్దరూ వరండాలో నిలబడ్డారు. పరీక్ష ఫలితాలకు కూడా అంత నిశ్శబ్దంగా ఉండరు.

పావుగంట ఆగే పని లేకపోయింది. ఆరు నిమిషాలకే మొదటి తలుపు దగ్గరి పిల్ల, "మేడం, ఎర్రగైతాంది" అని అరిచింది. పోయి చూస్తే తెల్ల సీటు మీద దారమంత సన్నని గీత, పైనుంచి కిందికి. రెండోది, మూడోది, వరుసగా ఆరింటిలో దిగింది. చివరి రెండు తెల్లగా ఉన్నాయి. కాక్‌లు కట్టేశాను. నీళ్లు గొట్టం నోటి దగ్గరే ఆగాయి. మిగిలిన పూలు ఉడుకుతుంటే సారలమ్మ పొయ్యి వదిలేసి వచ్చి చూసి, "ఇన్ని దినాలు మన కండ్ల ముంగటనే పోయినయా" అంది.

ఆరు స్క్రూలూ వెనక్కి తిప్పాను. మరునాడు పొద్దున మేడ మీదికి పరుగెత్తాను. వెనక డెబ్బై ఇద్దరు. మూత తీస్తే సగానికి పైగా నీళ్లు. పిల్లలు మెట్ల మీద ఎగిరిన ఎగురుడుకు మేడ కూలుతుందనుకున్నాను.

సారు వచ్చి చూశారు. రంగు నీళ్లు మళ్లీ పోసి చూపించాను. తల ఊపారు. కానీ ఆయన అడిగింది వేరే. "రెండు మంచిగున్నయి, ఆరు పైకి తిప్పి ఉన్నయి. వాటంతట అవి తిరగవు కద. ఎవరు తిప్పిన్రు?" నేను ట్యాంకు మూతలు పెట్టడంలో పడ్డాను. "పిల్లలు సామాన్ల మీద చెయ్యేస్తే రేపు ఇంకోటైతది. అసుంటప్పుడు తాళమే నయం. పదిహేనో తారీకు, సోమవారం చెప్పుండ్రి" అని పోయారు.

ఆ స్క్రూలు ఎట్లా తిరిగాయో చెప్పడం కష్టం మామా. కొత్తవి కదా, బిగించినప్పుడే అట్లా ఉన్నాయేమో.

శ్రావణి

కాజీపేట,
సెప్టెంబర్ 10.

శ్రావణికి,

స్క్రూ తిప్పింది నువ్వు. తిప్పమన్నది నేను. జూలై ఒకటిన రాశాను, బొమ్మ కూడా గీశాను. బయట తడి లేకపోతే అంతా బాగున్నట్టే అని నేనే రాశాను.

ఈ సంగతి నాకు సేఠ్ దుకాణంలోనే తెలిసింది. ఆ ఎక్కువ చెంబు పోసినప్పుడు. ఆ రోజు ఉత్తరంలో రాయలేకపోయాను. నీకూ తెలుసు. నా పేరు రాకుండా రాశావు. అట్లా రాయకు.

ముప్పై ఒక్క ఏళ్లు చేసిన పనిలో నేను ఎరుగని వస్తువు వచ్చింది. చూడకుండా చెప్పాను. అది నా తప్పు. గోడ కొట్టమని కూడా చెప్పాను, అది ఇంకో తప్పు. మీ అత్త అడ్డం పడకపోతే నువ్వు గోడ పగలగొట్టి ఉండేదానివి.

దీనితో ఇంకో కాగితం పెట్టాను. రాజేశ్వర్ రావు సారుకు. స్క్రూలు తిప్పమని చెప్పింది కాజీపేట రిటైర్డ్ పైపు ఫిట్టర్ యాకయ్య అని, పిల్లలకు గాని వార్డెన్‌కు గాని దోషం లేదని రాసి సంతకం చేశాను. ఆయనకు ఇవ్వు. సోమవారం లోపల అందాలని బస్సు కండక్టర్ చేతికి ఇచ్చి పంపుతున్నాను.

యాకయ్య

ఇప్పలగూడెం,
సెప్టెంబర్ 16.

మామకు,

నీ ఉత్తరం కండక్టర్ల చేతులు మారి సోమవారం మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. సారు పొద్దున్నే వచ్చి వెళ్లారు. అప్పటికే నేను చెప్పేశాను.

తాళం చేతిలో పట్టుకునే వచ్చారు. "సార్, తిప్పింది నేనే. జూలైల తిప్పిన. పిల్లలకు ఏం తెల్వదు" అన్నాను. ఆయన అడిగారు:

"ఈ ముచ్చట మీరు చెప్పకపోతే నాకు తెలుస్తుండెనా?"

"తెల్వకపోతుండె సార్. నింద పిల్లల మీదికి పోతుండె."

"మెమో ఇయ్యాల్సి వస్తది మేడం."

"ఇయ్యుండ్రి సార్."

అక్కడే వరండాలో కూర్చుని రాసిచ్చారు. అనుమతి లేకుండా సామాను మార్చినందుకు సంజాయిషీ అడిగారు. నేను సంతకం చేశాను. తర్వాత లేచి తానే మొదటి బాత్రూంలోకి పోయి, మూత తీసి గొట్టంలోకి చూశారు. "మా ఇంట్ల గూడ నీళ్లు నిలుస్తలేవు. రెండు దినాలకోపారి ట్యాంకర్ తెప్పిస్తున్న. ఇగ పోయి మూత తీసి చూడాలె" అన్నారు. తాళం బ్యాగులో వేసుకుని వెళ్లిపోయారు.

నీ కాగితం ఆయనకు ఇవ్వలేదు. ఇచ్చే అవసరం రాలేదు. నా దగ్గరే ఉంది. సంజాయిషీలో నీ పేరు రాయను. నువ్వు చెప్పావు, నేను చేశాను. బయట పైపు ఉందా లేదా అని ముందే పోయి చూడాల్సింది నేను.

శనివారం నుంచి సెలవులు. పిల్లలు ఇంటికి పోతారు. బాత్రూంలు తెరిచే ఉంటాయని ఒక్కొక్కరికీ చెప్పాను. నా మాట ఇంట్లో ఎంతవరకు నమ్ముతారో తెలియదు.

శ్రావణి

కాజీపేట,
సెప్టెంబర్ 21.

బిడ్డా,

మెమోకు భయపడకు. నాకు సర్వీసులో నాలుగు వచ్చాయి. తిరిగి వచ్చిన పిల్లల సంగతి రాయి. మీ అత్త రోజూ అడుగుతోంది. నేనూ అడుగుతున్నాను.

యాకయ్య

ఇప్పలగూడెం,
అక్టోబర్ 8.

మామకు, అత్తకు,

నాలుగో తేదీన హాస్టల్ తెరిచాం. ఆ రోజు నలభై మంది వచ్చారు. ఐదున ఇరవై రెండు. ఆరున ఐదుగురు. చిన్న పిల్లలు అందరూ వచ్చారు. రిజిస్టర్‌లో మిగిలిన ఐదు పేర్లు తొమ్మిది, పది తరగతులవి. అందులో కావ్య ఒకతి. ఏడున పొద్దటి బస్సుకు నలుగురు దిగారు. కావ్య లేదు.

సాయంత్రం బస్సుకు వచ్చింది, వాళ్లమ్మ భవాని వెంట. ఆమె కూర్చోలేదు. నీళ్లిస్తే తాగలేదు. "మా పిల్ల ఏందేందో చెప్పింది. పోయినేడు గూడ కట్టిస్తం కట్టిస్తం అన్నరు. నేను చూసినంకనే ఇడిసి పోత" అంది. "రాండ్రి" అని తీసుకుపోయాను.

ఎనిమిది తలుపులూ తెరిచి చూసింది. గొళ్లాలు లోపలి నుంచి పడుతున్నాయో లేదో ఒక్కోటీ వేసి చూసింది. మూడోదాంట్లో హ్యాండిల్ నొక్కింది. నీళ్లు జోరుగా వచ్చి ఆగాయి. మళ్లీ ట్యాంకు నిండే చప్పుడు వింటూ నిలబడింది.

"నిండినంక ఆగుతదా?"

"ఆగుతది."

"ఆగకపోతె?"

నేను చెప్పబోతుంటే కావ్య స్టూలు లాక్కొచ్చి ఎక్కింది. మూత తీసి తల్లిని రమ్మంది. భవాని చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని పక్కన ఎక్కింది. బాల్ ఏది, గొట్టం ఏది, ఎక్కువైన నీళ్లు ఏ దారిన పోయి ఎక్కడ తేలుతాయి, అవి కారుతున్నాయని ఎట్లా కనిపెట్టాలి, అంతా ఆ పిల్లే చెప్పింది.  తల్లి గొట్టం నోట్లో వేలు పెట్టి చూసింది. దిగి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"సంచి లోపల పెట్టుకో. బస్సు మర్లుతాంది, నేను పోత" అంది బిడ్డతో.

శ్రావణి